అంతరిక్షమందలి సంసారము: పిల్లల చీటీలకు జవాబులు

(మన సంఘము వారి బాలల సమావేశమున, తల్లిదండ్రుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



నేను నగర్తపేటలో త్రాసులు, తూకపురాళ్లు, కొలపాత్రలు అమ్ముకొను వర్తకుడను. మెట్రిక్కు వరకే చదివినవాడను. అట్టివాడు అంతరిక్షమును గూర్చి ప్రసంగించుటేమని మీలో కొందరికి తోచవచ్చును. కారణము చెప్పెదను. 2025 జూన్ 25వ తేదీన మన వాయుసేనకు చెందిన శుభాంశు శుక్లాగారు అంతరిక్షమునకు వెళ్లినది మొదలు మన యిండ్లలో పిల్లల ప్రశ్నలు ఎక్కువైనవి. ఒకనాడు అంగడికి వచ్చిన పిల్లలతో, "మీ ప్రశ్నలు చీటీలమీద వ్రాసి గల్లాపెట్టె ప్రక్కనున్న డబ్బాలో వేయుడు, సంఘపు సమావేశమున జవాబు చెప్పెదను" అంటిని. పదియో పదునైదో వచ్చుననుకొంటిని. డెబ్బదికి పైగా వచ్చినవి.

ఆ చీటీలను చదువుచుండగా నాకు రెండు సంగతులు కనబడినవి. మొదటిది: తెలుగు లిపిలో వ్రాసినవి బహు స్వల్పము. ఎక్కువ భాగము తెలుగు మాటలే, కాని కన్నడ అక్షరములతో వ్రాసినవి. కొన్ని ఆంగ్లాక్షరములతో వ్రాసినవి. తరతరములుగా ఈ పేటలలో నివసించు మన కుటుంబములలో ఇది వింత కాదు. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష; పిల్లలు దానిని చక్కగా నేర్చుట సంతోషమే. అయినను లిపి ఏదైనను ప్రశ్న మాత్రము తెలుగులోనే పుట్టినది. ఇది గమనింపదగిన విషయము.

రెండవది ఒక చీటీ. "మామా, ఇది స్కూల్లో అడిగితే పాఠంలో లేదన్నారు. ఇంట్లో అడిగితే పోయి చదువుకో అన్నారు. నువ్వైనా చెప్పు." పేరు లేదు. ఆ చీటీ కొరకే నేనిక్కడ నిలుచుంటిని.

పెద్దలారా, మనము పిల్లలకు జవాబు చెప్పకపోవుటకు కారణము కోపము కాదు, భయము. సైన్సు మనకు రాదను భయము. అయితే ఈ చీటీలలో సగమునకు పైగా అడిగినదేమి? వారేమి తిందురు, నీళ్లెక్కడివి, బట్టలెవరు ఉతుకుదురు, చెత్త ఎక్కడ పారవేయుదురు, జబ్బు చేసిన ఎట్లు, అలిగిన ఎక్కడికి పోవుదురు. ఇవి సంసారమునకు సంబంధించిన ప్రశ్నలు. సంసారము మనకు తెలియనిదా?

2025 జూలై 4వ తేదీన మన ఊరిలోని యు. ఆర్. రావు ఉపగ్రహ కేంద్రమున విద్యార్థులు కొందరు కూడి, హామ్ రేడియో ద్వారా శుక్లాగారితో నేరుగా మాటలాడిరి. ఇట్టి రేడియో సంభాషణమునకు దొరకు కాలము సుమారు పది నిమిషములు మాత్రమే. ఏలయన కేంద్రము ఒక దిక్కున ఉదయించి మరియొక దిక్కున అస్తమించుటకు పట్టునది అంతే. ఆ పది నిమిషములలో దేశములోని పిల్లలందరికిని వంతు రాదు కదా. తక్కినవారికి జవాబు చెప్పవలసినది మనమే.

ఇక చీటీలకు వచ్చెదను.

"వాళ్లు పైన ఎందుకు తేలుతారు? మా అవ్వ త్రిశంకు స్వర్గం అంటుంది." ఇది ఒక బాలిక ప్రశ్న. అమ్మా, అవ్వ చెప్పిన కథ మంచిది, విడువకుము. కాని కథ వేరు, ఈ సంగతి వేరు. త్రిశంకువు పైకి పోలేక, క్రిందికి రాలేక నడుమ నిలిచిపోయెను. అంతరిక్ష కేంద్రము ఒక్క క్షణమైనను నిలువదు. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచు, 90 నిమిషములకొక మారు భూమిని చుట్టి వచ్చును. దాని ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు. మనకు హైదరాబాదు 570 కిలోమీటర్ల దూరమున కలదు. అనగా అంతరిక్షము మన చుట్టముల ఊరికంటె దగ్గర. దారియే నిట్టనిలువుగా ఉన్నది!

అంత దగ్గర కనుక భూమి ఆకర్షణ అక్కడను ఉన్నది. ఇక్కడున్న దానిలో పదింట తొమ్మిది వంతులు ఉన్నది. అక్కడ ఆకర్షణ లేదని అనేకులు చెప్పుదురు. అది సరి కాదు. మరి తేలుటెట్లు? వారు నిరంతరము పడుచున్నారు గనుక. మీ మిద్దెమీదినుండి రాయి విసిరినచో ఎదురింటి ముంగిట పడును. ఇంకను బలముగా విసిరిన అవెన్యూ రోడ్డున పడును. ఆ రాయిని గాలి అడ్డులేని ఎత్తునుండి, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు మించిన వేగముతో విసరగలిగితిమేని, అది క్రిందికి వంగి పడుచుండగా దాని క్రింద భూమియు గుండ్రముగా వంగిపోవుచుండును. పడుట ఆగదు, నేల తగులదు. బసవనగుడి కడలెకాయి పరిషెలో పెద్ద రాట్నమెక్కినప్పుడు, అది పైనుండి క్రిందికి దిగునపుడు కడుపులో తేలికయగును చూచితిరా? ఆ క్షణము ఆరు నెలలపాటు సాగినచో ఎట్లుండునో, అది అక్కడి జీవనము.

"అక్కడ బరువుండదంటారు కదా, మరి నీ త్రాసు పని చేస్తుందా మామా?" ఇది నా వృత్తికి తగిలిన ప్రశ్న గనుక కొంచెము విస్తరించి చెప్పెదను. నా అంగడి త్రాసు అక్కడ పని చేయదు. ఒక తట్టలో కిలోరాయిని, రెండవ తట్టలో బియ్యమును ఉంచినచో రెండును తేలిపోవును. ఏ తట్టయు దిగదు. ఎలక్ట్రానిక్ త్రాసును పెట్టినను సున్నయే చూపును. కాని అక్కడివారికి తమ దేహపు తూకము తెలియుట చాల అవసరము. ఏలయన నడక లేదు, మోత లేదు. పని లేని కండ కరగును, ఎముక పలుచనగును. తగిన వ్యాయామము చేయనిచో తుంటి ఎముక నెలకు నూటికి ఒక వంతు, ఒకటిన్నర వంతు చొప్పున సారమును కోల్పోవును. అందుచేత దినమునకు సుమారు రెండు గంటలు కసరత్తు చేయుదురు. పరుగు పట్టీమీద పరుగెత్తునపుడు తేలిపోకుండ నడుమునకు, భుజములకు పట్టీలు బిగించి క్రిందికి లాగుకొందురు.

తూచుట ఎట్లనగా, స్ప్రింగు కట్టిన పీటవంటి దానిని కరచుకొని ఊగుదురు. దేహము గట్టిదైనచో ఊపు మెల్లగా ఉండును, తేలికైనచో త్వరగా ఉండును. ఊపునకు పట్టిన కాలమును బట్టి లెక్క కట్టుదురు. ఇది మాయగా తోచునేమో. మన గల్లీలో రెండు తోపుడుబండ్లు నిలిపి, ఒకటి ఖాళీగా, ఒకటి సరకుతో నింపి, మీ కండ్లకు గుడ్డ కట్టినచో, ఏది నిండినదో ఎత్తి చూడనక్కరలేదు; ఒక త్రోపు త్రోసిన చాలును, తెలిసిపోవును. బరువనునది భూమి లాగుటవలన కలుగునది. సరకు సరకులోనే ఉన్నది. దానినే ద్రవ్యరాశి యందురు. మా వ్యాపారమున ఈ రెంటికిని భేదము లేకుండ జరిగిపోవుచున్నది, అక్కడ జరగదు.

ఒక బాలుడు, "తల తిరగదా?" అని అడిగెను. తిరుగును. చాలమందికి మొదటి రెండు మూడు దినములు వాంతి, వికారము కలుగును. మన పేటనున్న ధర్మరాయస్వామి గుడినుండి చైత్ర పూర్ణిమనాటి రాత్రి కరగ బయలుదేరుట మీరందరును చూచినదే. తలమీది కరగను చేతితో తాకకయే ఆయన నడచును. ఆ నిలకడకు సాధన మూలము. శరీరమున సాయపడునవి మూడు: కన్ను, పాదము, చెవి లోపలి ద్రవము. ఏది పైదో ఏది క్రిందిదో మనకు చెప్పునవి ఇవే. అంతరిక్షమున పాదము నేలను తాకదు, చెవిలోని భాగములకు క్రిందు తెలియదు. కన్నొక్కటి ఒక మాట, చెవి ఒక మాట చెప్పుటచే మెదడు కలతపడును. కొన్నాళ్లకు అలవాటగును. దేహములోని రక్తము, నీరు తలవైపు చేరుటచే ముఖము ఉబ్బును, కాళ్లు సన్నబడును. వెన్నెముక సాగి మనుష్యుడు కొంత పొడవగును. పొట్టివారు సంతోషింపనక్కరలేదు, భూమికి దిగగానే పాత కొలతయే.

భోజనమును గూర్చి వచ్చిన చీటీలు పదునెనిమిది. మన పిల్లలు మన పిల్లలే! 1984 ఏప్రిల్ 3వ తేదీన రాకేశ్ శర్మగారు సోవియట్ వారి వ్యోమనౌకలో వెళ్లినప్పుడు, మన మైసూరులోని రక్షణశాఖ ఆహార పరిశోధనాలయము వారు ఆయన కొరకు భారతీయ వంటకములు సిద్ధపరచిరి. శుక్లాగారు క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసము వెంట తీసికొని పోయిరి. సాధారణముగా అక్కడి ఆహారము ఎండించి, పొట్లములలో మూసి పంపినది. నీరు చేర్చి మెత్తపరచి తిందురు.

"ఆవకాయ తీసుకెళ్లవచ్చా?" అని ముగ్గురు అడిగిరి. అక్కడ ముక్కు దిబ్బడ వేసినట్లుండుటచే వాసన సరిగా తెలియదు, నాలుకకు రుచి మందగించును. అందువలన వ్యోమగాములలో పలువురు కారము, పులుపు గలవానినే కోరుదురు. ఆ లెక్కను ఆవకాయకు పిలుపు రావలసినదే. చిక్కు నూనె చుక్కలతోను, పిండితోను వచ్చును. చుక్కలు, పొడి, తునకలు క్రింద పడక గాలిలో తిరిగి కంటిలోనో యంత్రములోనో దూరును. అందుచేత ఉప్పును కూడ నీటిలో కరగించి వాడుదురు. రొట్టె తునకలు రాలునని మన చపాతీవంటి పలుచని రొట్టెలనే వాడుదురు. అప్పడము మాత్రము ఏ విధముగను కుదరదు.

నీటి సంగతి తల్లులు శ్రద్ధగా వినవలెను. మనకు కావేరి నీరు సుమారు నూరు కిలోమీటర్ల దూరమునుండి ఎత్తిపోతల ద్వారా వచ్చుచున్నది. 2024 వేసవిలో ఆ నీటికిని బోరునీటికిని ఈ ఊరు పడిన పాట్లు మీకు జ్ఞాపకమే. అంతరిక్ష కేంద్రమునకు నీరు చేర్చుట దానికంటె ఎన్నో రెట్లు కష్టము, ఖర్చు. ఒక్కొక్కరికి త్రాగుటకు, వంటకు, శుభ్రతకు కలిపి దినమునకు నాలుగు లీటర్లకు లోపే. మరి దానిని ఎట్లు సమకూర్చుదురనగా, ఊపిరిలోని తేమ, చెమట, మూత్రము, ఇవన్నియు యంత్రములలో శుద్ధిచేసి మరల త్రాగునీరుగా చేయుదురు. నూటికి 98 పాళ్లు తిరిగి రాబట్టగలిగినట్లు 2023లో అమెరికా వారి నాసా సంస్థ ప్రకటించినది. ఇది విని పిల్లలు "ఛీ" అనిరి. మేఘము ఏ నీటిని ఎత్తుకొనిపోయి మనకు వర్షముగా ఇచ్చుచున్నదో ఆలోచింపుడు. భూమి నిదానముగా చేయు పనిని వారు పెట్టెలో త్వరగా చేయుచున్నారు.

స్నానమనగా తడిగుడ్డతో తుడుచుకొనుటయే. శౌచమునకు గాలి పీల్చు గొట్టములు గల ఏర్పాటు కలదు. పిల్లలారా, ఇందులో నవ్వవలసినదేమియు లేదు, ఇంజనీర్లు ఎంతో శ్రమపడి చేసినది అది. బట్టలు ఉతుకరు. ధరించి ధరించి మాసినవానిని చెత్తతో చేర్చి, సరకు తెచ్చిన నౌకలో నింపి వదలుదురు. అది గాలి పొరలలో పడి మండిపోవును. ఉతుకకుండ పారవేయు గిరాకీ ఉన్నదని విని మన పేట జవుళి వర్తకులు ఆశపడవచ్చును, కాని అక్కడ నివసించువారు సాధారణముగా ఏడుగురే!

నిద్రకు మంచము లేదు. గోడకు కట్టిన సంచిలో దూరి పండుకొందురు. గోడయైనను పైకప్పైనను ఒకటే. శుక్లాగారు మన పిల్లలకు ఇదే చెప్పిరి. తల దగ్గర గాలి ఆడుట తప్పనిసరి. ఇక్కడ మనము విడిచిన వేడి ఊపిరి పైకి లేచిపోవును. అక్కడ పైకి అను మాటయే లేదు గనుక, ఫ్యాను లేనిచో విడిచిన చెడుగాలి ముఖము చుట్టే పేరుకొని ఊపిరాడక మెలకువ వచ్చును. దీపపు వెలుగు కూడ ఇట్టిదే. భూమిమీద వేడిగాలి పైకి లేచుటచే దీపశిఖ కోసుగా నిలుచును. అక్కడ జ్వాల గుండ్రముగా చిన్న నీలపు బంతివలె ఉండును. ప్రయోగము కొరకు మూసిన పెట్టెలో తప్ప నిప్పు ముట్టింపరు.

ఒక పెద్దాయన చీటీ కూడ డబ్బాలో దొరకినది: దినమునకు పదునారు మారులు సూర్యుడు ఉదయించుచో సంధ్య వార్చుట ఎట్లని. వారు గడియారమున గ్రీనిచి కాలమును పాటింతురు. మనకంటె అయిదున్నర గంటలు వెనుక. ఉదయములు ఎన్ని వచ్చినను గడియారమును బట్టియే లేచుట, పండుకొనుట. 2007లో మలేషియా వ్యోమగామి రంజాను మాసమున అక్కడికి వెళ్లినపుడు ఆ దేశపు మతపెద్దలు కూడి, ప్రార్థనా వేళలకు బయలుదేరిన చోటి కాలమును పాటింపవచ్చునని నియమములు వ్రాసి ఇచ్చిరి. మనవారు వెళ్లునాటికి మన పురోహితులును ఏదో మార్గము చెప్పగలరు.

"చంద్రుడు దగ్గరగా కనబడతాడా?" లెక్క వేయుదము. చంద్రుని దూరము సుమారు 3,84,000 కిలోమీటర్లు. వారు దగ్గరైనది 400. పది రూపాయలలో ఒక పైసాకంటె ఏమంత ఎక్కువ కాదు. మనకెంత కనబడునో వారికిని అంతే.

ఇక వారు చేయు పని. చిత్రములలో తేలుచు నవ్వుటను చూచి అది విహారమని పిల్లలు తలంచుచున్నారు. పొద్దున లేచినది మొదలు ప్రతి కొద్ది నిమిషములకును పని నిర్ణయింపబడి యుండును. శనివారము ఇల్లు ఊడ్చుట. ఊడ్చుటయనగా గాలి పీల్చు యంత్రముతో మూలమూలల దుమ్మును లాగుట, గోడలను తుడుచుట. చెడిన పంపు, చెడిన మరుగుదొడ్డి, అన్నియు వారే బాగుచేసికొనవలెను. పిలిచిన వచ్చు మేస్త్రీ లేడు. వెలుపలికి పోయి పనిచేయవలసినచో ఆ దుస్తులలో ఆరేడు గంటలు వరుసగా ఉండవలెను. తక్కిన కాలము ప్రయోగములు. శుక్లాగారు చేసిన వానిలో మనకు దగ్గరివి కొన్ని కలవు. మన బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థవారు కండ క్షీణించుటను గూర్చిన ప్రయోగమును పంపిరి. టాటా ఇన్‌స్టిట్యూటని మనము పిలుచు భారతీయ విజ్ఞాన సంస్థవారు కంటికి ఆనని అతిసూక్ష్మ జీవులను పంపిరి. ధారవాడ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు, అక్కడి ఐ.ఐ.టి. వారు కలిసి పెసలు, మెంతులు పంపి మొలకెత్తించిరి. మన వంటింటిలో తడిగుడ్డలో కట్టి మొలకెత్తించు పెసలే!

ఈ యాత్రకు మన ప్రభుత్వము సుమారు 550 కోట్ల రూపాయలు వ్యయము చేసినట్లు పత్రికలలో వచ్చినది. ఇరువది దినములకు ఇంత ధనమా అని వర్తకులు అడుగుట సహజము. నా అభిప్రాయము చెప్పెదను. మన దేశము తన సొంత నౌకలో ముగ్గురిని పంపవలెనను సంకల్పమును 2018లో గగనయాన్ పేరుతో ప్రకటించినది. కొత్త వ్యాపారము పెట్టబోవువాడు కొడుకును ముందుగా పెద్ద కోఠీలో పనికి కుదుర్చును. అక్కడి జీతమును చూడడు, అనుభవమును చూచును. ఇదియు అట్టిదే. ఖర్చును ప్రశ్నించుట మంచిది. పిల్లల యెదుట ప్రశ్నించుట ఇంకను మంచిది. వారును లెక్క అడుగుట నేర్చుకొందురు.

ఇప్పుడు కష్టమైన చీటీ. "కల్పనా చావ్లా ఎందుకు చనిపోయింది? శుక్లా తిరిగి రాకపోతే ఏమయ్యేది?" ఇది పదకొండేండ్ల బాలిక వ్రాసినది. ఆమె తల్లి, "చావు మాటలెందుకు, ఆ చీటీ తీసివేయుడన్నా" అని నాతో చెప్పినది. అమ్మా, నీ బాధ నాకు తెలియును. అయినను తీసివేయలేదు. కారణము, బిడ్డ మనస్సులో ఆ ప్రశ్న ఇదివరకే ఉన్నది. మనము తీసివేయగలిగినది కాగితమును మాత్రమే.

వినుము తల్లీ. కల్పనా చావ్లా హర్యానాలోని కర్నాల్‌లో పుట్టినది. 1997లో మొదటిసారి అంతరిక్షమునకు వెళ్లి క్షేమముగా వచ్చినది. రెండవసారి 2003లో కొలంబియా అను నౌకలో వెళ్లినది. నౌక లేచునపుడే ఇంధనపు తొట్టికి కప్పిన నురుగువంటి పదార్థపు ముక్క యొకటి ఊడి, ఎడమ రెక్క అంచుకు తగిలి రంధ్రము చేసినది. పైన ఉన్న పదునారు దినములును ఏమియు కాలేదు. ఫిబ్రవరి 1వ తేదీన తిరిగి వచ్చుచుండగా, గాలి రాపిడికి పుట్టిన మహోష్ణము ఆ రంధ్రములో దూరి రెక్కను కరగించినది. దిగుటకు ఇంక పదునారు నిమిషములుండగా నౌక ముక్కలైనది. ఏడుగురును మరణించిరి. ముక్క తగిలిన సంగతి నేలమీదివారికి తెలియును. దాని తీవ్రతను సరిగా ఎంచలేదని తరువాత విచారణలో తేలినది. అటు పిమ్మట ప్రతి యాత్రలోను రెక్కలను పైననే పరీక్షించి చూచు ఏర్పాటు చేసిరి.

కావున, "ఏమీ కాదులే" అని నేను చెప్పను, అది అబద్ధము. ప్రమాదమున్నది. అది ఉన్నదని తెలిసియే పోవుదురు, తెలిసియే జాగ్రత్తపడుదురు. సునీతా విలియమ్స్‌గారు 2024 జూన్ 5వ తేదీన సుమారు ఎనిమిది దినముల పనికని వెళ్లిరి. వారి నౌకలో లోపములు కనబడినవి. ఆ నౌకలో మనుష్యులను తెచ్చుట క్షేమము కాదని తలచి, దానిని ఖాళీగా దింపి, వారిని పైననే ఉంచి, 2025 మార్చి 18వ తేదీన వేరు నౌకలో తెచ్చిరి. మొత్తము 286 దినములు. పత్రికలవారు "చిక్కుకొనిపోయిరి" అని వ్రాసిరి. నాకు మాత్రము అది కొలంబియావలన నేర్చిన పాఠముగా కనబడుచున్నది. శుక్లాగారు 2025 జూలై 15వ తేదీన కాలిఫోర్నియా తీరమున సముద్రములో క్షేమముగా దిగిరి.

మిగిలిన చీటీలలో ఎక్కువ భాగము ఒకే ప్రశ్న: "మనవాళ్లు ఎవరైనా వెళ్లారా? నేను వెళ్లగలనా?" రాకేశ్ శర్మగారు పంజాబువారైనను హైదరాబాదులో పెరిగి, అక్కడి నిజాం కళాశాలలో చదివినవారు. గుంటూరు సీమలో పుట్టిన బండ్ల శిరీషగారు 2021 జూలై 11వ తేదీన అమెరికాలో ఒక ప్రైవేటు నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తువరకు పోయి వచ్చిరి. ఆమె తేలినది కొద్ది నిమిషములే, అందులోను మొక్కలను గూర్చిన ప్రయోగము చేసిరి. రాజా చారిగారి తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు వెళ్లినవారు. కుమారుడు 2021 నవంబరునుండి 2022 మే వరకు 177 దినములు అంతరిక్ష కేంద్రమున ఉండెను, నౌకకు నాయకుడుగా వెళ్లెను. గగనయాన్ కొరకు 2024 ఫిబ్రవరి 27వ తేదీన ప్రకటించిన నలుగురును వాయుసేనలోని పరీక్షా విమాన చోదకులు. వారికి దేహపరీక్షలు జరిగినది మన ఊరి వైమానిక వైద్య సంస్థలో, శిక్షణాలయము మన ఊరిలోనే.

అయితే పైకి పోవువాడొక్కడు, పంపువారు వేలమంది. మన మొదటి ఉపగ్రహము ఆర్యభట్టను యు. ఆర్. రావుగారి నాయకత్వమున పడుచు ఇంజనీర్లు తయారుచేసినది ఏ రాజభవనములోనో కాదు, పీణ్యాలోని షెడ్లలో. 1975 ఏప్రిల్ 19వ తేదీన అది సోవియట్ దేశమునుండి ఎగిరినది. రాకెట్లు ఎగురు శ్రీహరికోట పులికాటు సరస్సునకు, సముద్రమునకు నడుమ ఉన్న తెలుగునేల.

ఒక దర్జీగారి అమ్మాయి, "మా నాన్న పనికి అక్కడ చోటుందా?" అని వ్రాసినది. ఉన్నదమ్మా. 1969లో చంద్రునిపై నడచినవారి దుస్తులను కుట్టినది అమెరికాలో స్త్రీల లోవస్త్రములు తయారుచేయు సంస్థ. ఇతర కంపెనీలతో పోటీపడి గెలిచినది. ఇరువదియొక్క పొరల గుడ్డను మిషనుమీద స్త్రీలు కుట్టిరి. ఒక కుట్టు తప్పినను లోపలివాని ప్రాణమునకు ముప్పు. ఆ కుట్టుపనివారిలో ఎవరును అంతరిక్షమునకు పోలేదు. వారి కుట్టు చంద్రునిమీద నడచినది.

చివరి చీటీ మన గల్లీలోని ఆరేండ్ల బాలునిది, అన్న చేత వ్రాయించినది: "అది మనకు కనబడుతుందా?" కనబడును నాయనా, దుర్భిణి అక్కరలేదు. సూర్యుడు అస్తమించిన కొంతసేపటికి గాని, ఉదయించుటకు కొంత ముందు గాని, మినుకుమినుకుమనక నిలకడగా వెలుగుచు, విమానమువలె ఎర్రదీపములు లేక, కొద్ది నిమిషములలో ఆకాశమును దాటు పెద్ద నక్షత్రమువంటిది కనబడినచో అదే. మన ఊరిపై ఏ దినము, ఏ వేళ, ఏ దిక్కున వచ్చునో నాసావారు ముందుగానే ప్రకటింతురు. ఆ పట్టిక ఇకమీద వారమువారము మన పత్రికలో తెలుగులోను, పిల్లల సౌకర్యార్థము కన్నడ లిపిలోను అచ్చగును. మొదటి దినమున మా అంగడి మిద్దె తెరచి యుండును. మెట్లు ఇరుకు, కటకటాలు పొట్టివి. చిన్నపిల్లలను పెద్దలు చేయి పట్టుకొని తీసికొని రావలెను. మబ్బు పట్టినచో మరునాడు చూతము. చీటీల డబ్బాను గల్లాపెట్టె ప్రక్కనుండి తీయలేదు.